ఇంటి కప్పు ఖరీదు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కప్పు మార్చి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో కప్పు మార్చడమన్నది ఒక ప్రత్యేక కార్యంగా ఎవరికీ తోచి ఉండదు. కొట్టం ఉన్నవారు ఏటేటా బోదగడ్డి నేసుకునేవారు. మిద్దె ఉన్నవారు తొలకరికి ముందు చౌడు వేసుకునేవారు. పెంకుటిల్లు ఉన్నవారు పగిలిన పెంకు తీసి మరొకటి పెట్టుకునేవారు. ఈ ఖర్చు పండుగ ఖర్చువలె ఏడాదికి ఇంత అని ఇంటి లెక్కలో కలిసిపోయేది. ఇప్పుడట్లా కాదు. పాత కప్పు తీసి కొత్త కప్పు వేయడం ఒక కుటుంబం చాలా ఏళ్ళుగా కూడబెట్టినదంతా ఒక్క వేసవిలో కరిగించగల వ్యవహారమైంది. 2023లో మా ఇంట జరిగింది అదే. మన కళాశాల మిత్రులలో పాతబస్తీ మిద్దెలలో నివసిస్తున్నవారు తక్కువేమీ కారు. వారికి ఉపయోగపడవచ్చునని ఆ లెక్కను ఉన్నదున్నట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

మా ఇల్లు కర్నూలు పాత పట్టణంలో ఉన్నది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 సంవత్సరాలలో అద్దెలు పెరిగినప్పుడు మా ముందుగదిని ఒక గుమాస్తాకు అద్దెకిచ్చారని మా జేజి ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. గోడలు రాతివి, ఒకటిన్నర అడుగు మందం, లోపల మట్టి అడుసు. గోడల మీద వేపదూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటిపైన కట్టెపుల్లలు, ఆ పైన మట్టి, అన్నిటికంటె పైన చౌడు. చౌడు నేలలో పంట పండదు గాని ఆ మట్టే మిద్దెకు ప్రాణం. తడిసినప్పుడు అది మెత్తగా అతుక్కుపోయి నీటిని లోపలికి దిగనీయదు. వేసవిలో ఆ కప్పు కింద ఉన్న చల్లదనం తరువాతి కాలపు ఏ కప్పు కిందా మాకు దొరకలేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం న్యాయం.

అయితే ఆ చల్లదనానికి ఒక వెల ఉన్నది. దాన్ని ఎవరూ లెక్క వేయలేదు. ఏటా కొత్త చౌడు వేశారే గాని పాత చౌడు తీయలేదు. జానెడు కంటె తక్కువ మందాన ఉండవలసిన మట్టి నలభై ఏభై ఏళ్ళకు పది అంగుళాలైంది. మా కప్పు 20 అడుగులకు 30 అడుగులు, అనగా 600 చదరపు అడుగులు. పది అంగుళాల మందానికి 500 ఘనపుటడుగుల మట్టి. అది సుమారు పాతిక టన్నులు! ఆ బరువును మోస్తున్న దూలాల మధ్యభాగం బాగానే కనబడుతుంది. గోడలోకి చొచ్చుకుపోయిన కొన కనబడదు. చెదలు తినేది, తడికి కుళ్ళేది ఆ కొననే. వానాకాలంలో మట్టిమిద్దె కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్త మన సీమ పత్రికలలో రాని ఏడు అరుదు. ఆ ఇళ్ళన్నీ ముందురోజు వరకు నిలబడి ఉన్నవే.

2022 వానలలో మా వెనుకగది దూలం కొన జానెడు కిందికి జారింది. జేజి మంచం ఆ దూలం కిందనే ఉండేది. మంచాన్ని ముందుగదికి మార్చాము గాని జేజి మారలేదు. "నేను కాపురానికి వచ్చిన గది ఇది. కప్పుకు భయపడి గది విడుస్తానా?" అన్నది. మూడు రాత్రులు మేము వంతులు వేసుకుని మేలుకొని ఆ దూలాన్ని చూస్తూ కూర్చున్నాము. నాలుగవనాడు నాన్నగారు సరుగుడు కట్టె ఒకటి తెచ్చి కిందినుండి పోటు పెట్టారు. ఆ కట్టె ఖరీదు 350 రూపాయలు. మా కప్పు లెక్కలో మొదటి పద్దు అదే.

తరువాత సలహాలు వచ్చాయి. సిమెంటు రేకులు వేసుకోండి, లక్షలోపు తేలిపోతుంది అన్నారు చిన్నాన్న. ఆయన మాటలో ధర విషయం నిజమే. కాని కర్నూలులో 43, 44 డిగ్రీల ఎండలో రేకు కింద ఎనభై దాటిన మనిషిని ఉంచడం ఎట్లా? పైగా మన దేశంలో అమ్మే సిమెంటు రేకులలో రాతినార కలిసేవి ఇంకా ఉన్నాయి. రాతినార ఏ రకమైనదైనా క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. వేసిన రేకు కదలకుండా ఉన్నంతకాలం భయం తక్కువ. కోసినప్పుడు, పగిలినప్పుడు, పాతది పీకినప్పుడు లేచే దుమ్ములోనే అపాయం. ఇప్పటికే అట్టి రేకులున్నవారు వాటిని తీయించేటప్పుడు నీళ్ళు చల్లి తడిపి, విరగకుండా దించడం మంచిది. కూలీలు నవ్వినా సరే.

గుంటూరులోని మా మేనత్తగారు బంగాళా పెంకులు వేసుకొమ్మన్నారు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టిన ఆ పెంకుల పరిశ్రమ తీరమంతటా వ్యాపించి కోస్తా ఇళ్ళకు ఎర్రని అందం తెచ్చింది. చదరపు మీటరుకు పదిహేను పెంకుల చొప్పున పడతాయి. పగిలిన పెంకు ఒక్కటే మార్చుకోవచ్చును. స్లాబుకు లేని గొప్ప సౌకర్యం అది. కాని దానికి వాలు కావాలి, వాలుకు కర్రపని కావాలి, కర్రపని తెలిసిన వడ్రంగి కావాలి. మా వైపు అట్టి వడ్రంగి దొరకడం పెంకు దొరకడం కంటె కష్టమని తేలింది. బేతంచెర్ల నాపరాళ్ళు ఇనుప దూలాలపై పరిచే పద్ధతి కూడా విచారించాము. అది మన ప్రాంతపు కప్పు, దృఢమైనది, కాని అతుకుల దగ్గర నీరు కారుతుందని ఆ ఇళ్ళవారే చెప్పారు. చివరకు స్లాబే నిశ్చయమైంది.

ఇక్కడ ఒక మాట. కప్పు ధర అడగడానికి ముందు గోడల సంగతి అడగాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచినప్పుడు మా ఇంట్లో నీరు నిలిచింది. మట్టి అడుసుతో కట్టిన గోడ అన్ని గంటలు నీటిలో నానిన తరువాత దాని లోపల ఏమి మిగిలిందో పైసున్నం చూసి చెప్పలేము. పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరుగారిని పిలిచి చూపించాము. ఆయన తీసుకున్నది 3,000 రూపాయలు. మొత్తం ఖర్చులో అంతకంటె లాభసాటియైన 3,000 మరొకటి లేదు. గోడలను సుత్తితో తట్టి, నూలుగుండు వేలాడదీసి చూసి, మూడు గోడలు గట్టివేనని, వెనుకగోడ మాత్రం పన్నెండు అడుగుల మేర బయటికి ఉబ్బినదని, దానిని విప్పి కట్టక తప్పదని చెప్పారు. గోడల తలపై చుట్టూ ఒక కాంక్రీటు పట్టీ పోసి, దానిపై స్లాబు కూర్చోబెట్టమన్నారు.

జేజికి ఒక సందేహం ఉండేది. "ఈ రాతిగోడలు సిమెంటు బరువు మోస్తాయా నాయనా?" అని అడిగింది. ఇంజనీరుగారు అక్కడే కాగితం మీద లెక్క వేశారు. ఐదు అంగుళాల స్లాబు 600 చదరపు అడుగులకు 250 ఘనపుటడుగులు, అనగా ఏడు ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున పదిహేడు, పద్ధెనిమిది టన్నులు. "అమ్మా, మీరు ఇన్నాళ్ళూ పాతిక టన్నుల కింద పడుకున్నారు. ఇప్పుడు ఏడు టన్నులు దించుతున్నాము," అన్నారు. జేజి నమ్మినట్లు కనబడలేదు గాని మారుమాట్లాడలేదు.

ఇక మేస్త్రీల సంగతి. ముగ్గురిని పిలిచాము. మొదటివారు సామాగ్రితో సహా చదరపు అడుగుకు 300 రూపాయలన్నారు, అనగా 1,80,000. రెండవవారు 380, 2,28,000. మూడవవారు 450, 2,70,000. అదే ఇల్లు, అదే కప్పు. తొంభై వేల తేడా! మా ఇంట్లో అందరి మనస్సూ మొదటివారి వైపు మొగ్గింది. మా అక్క మాత్రం ఒక పని చేసింది. తెల్లకాగితం మీద గీతలు గీసి, కప్పుకు సంబంధించిన పనులన్నీ వరుసగా వ్రాసి, ముగ్గురికీ విడివిడిగా ఫోను చేసి, "ఇది మీ ధరలో ఉన్నదా, లేదా?" అని ఒక్కొక్కటే అడిగింది.

మొదటివారి ధరలో పాత మిద్దె విప్పడం లేదు, మట్టి తోలడం లేదు. పిట్టగోడ లేదు. లోపలివైపు పూత లేదు. పైన వాలు పోసి నీరు దిగకుండా చేసే పని లేదు. వారు మోసగాడని మేము అనము. "స్లాబు ఎంత?" అని అడిగాము, వారు స్లాబు ధర చెప్పారు. మిగిలినవి ఎంతవుతాయని మళ్ళీ వారినే అడిగితే విప్పి తోలడానికి 22,000, నూరు అడుగుల పిట్టగోడకు 30,000, పూతకు 18,000, పైపనికి 24,000 అన్నారు. కలిపితే 94,000. వారి 1,80,000 కాస్తా 2,74,000 అయింది. ఇవన్నీ తన ధరలోనే ఉన్నాయన్న మూడవవారిది 2,70,000. ఎక్కువ అడిగినట్లు తోచినవారే నాలుగు వేలు తక్కువకు తేలారు. రెండవవారు సగం పనులు ఉన్నాయని, సగం "చూద్దాములెండి" అని అన్నారు. ఇంటి పనిలో "చూద్దాములెండి" అన్నదానికి ఖరీదు తెలియదు గనుక వారిని వదిలేశాము.

పని మూడవవారికే ఇచ్చాము. మాటలన్నీ కాగితం మీద పెట్టించాము. స్లాబు మందం ఐదు అంగుళాలు అని ప్రత్యేకంగా వ్రాయించాము. అర అంగుళం తగ్గితే కంటికి తెలియదు. 600 చదరపు అడుగులకు మాత్రం పాతిక ఘనపుటడుగుల కాంక్రీటు, అందులో ఐదారు బస్తాల సిమెంటు మిగులుతుంది. ఎవరికి మిగులుతుందో చెప్పనక్కరలేదు. డబ్బు నాలుగు వాయిదాలుగా ఇచ్చేట్లు ఒప్పుకున్నారు. మొదట కొంత, సెంట్రింగు, ఇనుము పూర్తి అయి ఇంజనీరుగారు చూసిన తరువాత కొంత, స్లాబు పడిన తరువాత కొంత, చివరిది మొదటి వాన కురిసి నీరు కారలేదని చూసుకున్న తరువాత. ఈ చివరి వాయిదా 25,000. మేస్త్రీగారు కొంత గొణిగినా కాదనలేదు.

సామాగ్రి లెక్క కూడా తెలిసి ఉండడం మంచిది. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్ళ కంకర చొప్పున కలిపితే ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. మా ఏడు ఘనపు మీటర్లకు 57 బస్తాలు. ఇనుము చదరపు అడుగుకు ఇంచుమించు కిలో, అనగా ఆరు క్వింటాళ్ళు. ఇసుక మూడు ఘనపు మీటర్లు, కంకర ఆరు. ఈ నాలుగు అంకెలు తెలిసిన ఇంటివారితో మేస్త్రీ మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

సిమెంటు మీద పన్ను తగ్గిందని ఈమధ్య కొందరు ఇంటిపని మొదలుపెడుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుండి అది 28 శాతం నుండి 18 శాతానికి తగ్గిన మాట వాస్తవం. కాని మా స్లాబు లెక్కనే తీసుకుని చూడండి. బస్తా 350 చొప్పున 57 బస్తాలకు సుమారు 20,000. పన్ను తగ్గింపు పూర్తిగా మన చేతికి వచ్చినా మిగిలేది పదిహేను, పదహారు వందలు. మూడు లక్షల పనిలో అది ఒకరోజు కూలీల పద్దు. కప్పు ఖరీదులో సింహభాగం మనుషుల శ్రమది, ఇనుముది.

2023 ఏప్రిల్ నెలలో మిద్దె విప్పారు. ఏడు ట్రాక్టర్ల మట్టి వెళ్ళింది. జేజి ఎదురింటి అరుగు మీద కూర్చుని ప్రతి ట్రాక్టరునూ లెక్కపెట్టింది. దూలాలు దించినప్పుడు పదకొండింటిలో నాలుగింటికి కొనలు లేవు. చేతితో తాకితే పొట్టువలె రాలిపోయాయి. జారింది ఒకటే, తక్కిన మూడు ఏ ఆధారంతో నిలబడి ఉన్నాయో మేస్త్రీగారికే అర్థం కాలేదు. నాన్నగారు ఆ సాయంత్రం భోజనం చేయలేదు. మిగిలిన కలపకు 31,000 వచ్చింది. విప్పే కూలీలకే కలప వదిలేయడం మన వైపు ఉన్నది. అట్లా వదలకుండా విడిగా బేరం పెట్టడం మేలు.

స్లాబు పోసిననాడు మేమందరము తలా ఒక పని పంచుకున్నాము. మాలో ఒకరి పని నీటి బకెట్లు లెక్కపెట్టడం. బస్తా సిమెంటుకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదని భారతీయ ప్రమాణం 456 చెబుతున్నది. నీరు ఎక్కువైతే కాంక్రీటు సులువుగా జారుతుంది, ఎత్తేవారికి శ్రమ తగ్గుతుంది, స్లాబు బలమూ తగ్గుతుంది. మే నెల ఎండలో గంపలు ఎత్తేవారిని చూసి ఇంకొక బకెట్టు పోయనిస్తే ఏమి అనిపించిన మాట నిజం. దానికి బదులు మజ్జిగ కుండలు పైకి పంపాము. కూలీల భోజనాలకు, మిఠాయికి, నీటి ట్యాంకర్లకు కలిపి 11,000 అయింది. ఈ పద్దు ఏ మేస్త్రీ ధరలోనూ ఉండదు.

పోయడం ఒక రోజు, తడపడం చాలా రోజులు. వేడి ప్రాంతాలలోనూ, మిశ్రమ సిమెంటు వాడినచోటా పది రోజులకు తక్కువ కాకుండా తడి ఉండాలని ఆ ప్రమాణమే చెబుతున్నది. మేము స్లాబు మీద మట్టితో మడులు కట్టి పద్నాలుగు రోజులు నీరు నిలిపాము. గదుల వెడల్పు పదిహేను అడుగుల లోపే గనుక ఏడు రోజులకు పోట్లు తీయవచ్చునని మేస్త్రీగారు అన్నారు. అది నిబంధనకు విరుద్ధం కాదు. అయినా ఆ రెండు వారాలూ సెంట్రింగు ఉంచమని కోరితే, అద్దె రోజులు పెరుగుతాయని చెబుతూనే ఒప్పుకున్నారు.

మొత్తం పద్దు ఇట్లా తేలింది. మేస్త్రీగారికి 2,70,000. వెనుకగోడకు 38,000. కరెంటు తీగలు మళ్ళీ వేయడానికి 14,000. రెండు నెలలు బయట ఉన్న ఇంటి అద్దె 9,000. ఇంజనీరుగారికి 3,000. భోజనాలు, నీళ్ళు 11,000. అందులో కలప డబ్బు 31,000 తీసివేస్తే మా చేతినుండి పోయింది 3,14,000. స్లాబు ధర 1,80,000 అని విని పనిలోకి దిగి ఉంటే మధ్యలో ఆగిపోయేవారమని మీరే గ్రహించవచ్చును. కప్పు లేని గోడల మధ్య, తొలకరి ముంగిట ఆగిపోవడం ఎట్లా ఉంటుందో మా వీధిలోనే ఒక ఇల్లు ఉన్నది చూపించడానికి.

ప్రభుత్వ సహాయం సంగతి కొందరు అడుగుతారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద పట్టణాలలో సొంతస్థలంలో ఇల్లు కట్టుకునేవారికి లక్షన్నర రూపాయల కేంద్ర సహాయం ఉండేది. దానికి స్థలం దరఖాస్తుదారు పేర ఉన్నట్లు కాగితం కావాలి. మా ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ కీర్తిశేషులైన మా తాతగారి పేరనే వస్తున్నది. నాన్నగారు, చిన్నాన్న, ఇద్దరు మేనత్తలు కలిసి కూర్చోనిదే అది మారదు. కప్పు మార్చడం కంటె అది పెద్ద పని. పాతబస్తీలో ఇట్టి ఇళ్ళు వీధికి పది ఉంటాయి.

మరి 3,14,000 ఎక్కడిది? 1,90,000 మా అక్క బి.ఎడ్. చదువుకని బ్యాంకులో వేసి ఉంచినది. 80,000 అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చినది. 44,000 చీటీ పాడినది. అక్క డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమెయే పాసుబుక్కు తెచ్చి నాన్నగారి ముందు పెట్టింది. "కాలేజీ వచ్చే ఏడు కూడా ఉంటుంది నాన్నా, దూలం ఉండదు," అన్నది. నాన్నగారు చాలాసేపు ఆ పుస్తకాన్ని తెరవలేదు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఇంజనీరుకు ఇచ్చిన 3,000 మొదలు మిఠాయి వరకు ప్రతి రూపాయికీ మా నోటుపుస్తకంలో పద్దు ఉన్నది. ఆ సంవత్సరాన్ని మాత్రం ఏ పద్దులో వ్రాయాలో మాకు తెలియలేదు. అక్క 2024లో చేరింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

జూన్ చివర తిరిగి ఇంట్లోకి వచ్చాము. మొదటి పెద్దవానకు అందరము గదిగదికీ తిరిగి పైకి చూశాము. ఎక్కడా చుక్క పడలేదు. మేస్త్రీగారికి మిగిలిన 25,000 మరునాడే ఇచ్చివేశాము. జేజి తన గదిలోనే, తన మూలనే పడుకుంటున్నది. అయితే ఆమె ఫిర్యాదు ఒకటి ఉన్నది, అది న్యాయమైనదే. స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా గదిలోకి వదులుతుంది. పాత మిద్దె కింద మే నెలలోనూ దుప్పటి కప్పుకున్న మనిషి ఇప్పుడు విసనకర్ర కింద పెట్టడం లేదు. పైకప్పును తెల్లగా ఉంచితే వేడి తగ్గుతుందన్నది శాస్త్రం ఒప్పుకున్న మాట. తెలంగాణ ప్రభుత్వం మేము మిద్దె విప్పిన ఆ ఏప్రిల్‌లోనే చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించింది. ఖరీదైన రంగులు మాకు అందవు గనుక ఈ వేసవికి ముందు స్లాబుపైన రెండు పూతలు తెల్లసున్నం వేయించాలని అనుకున్నాము. చదరపు అడుగుకు ఆరు రూపాయలు, మొత్తం 3,600 అంటున్నారు. నాలుగు రూపాయలకు రమ్మని జేజి బేరమాడుతున్నది, ఇంకా తెగలేదు.